'బానే ఉంది' అన్నారు, ఇప్పుడు నేనే వినలేదంటున్నారు

ఈ వారం ఉత్తరం హైదరాబాద్‌లో పొలిటికల్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఒక పాఠకురాలిది. తన పేరు, యూనివర్సిటీ పేరు వేయొద్దన్నారు. ఆరు పేజీలు రాశారు, కుదించి చెబుతున్నాను.

ఆమెది పాలమూరు వైపు ఊరు. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంట్లో డిగ్రీ దాటి చదివింది ఆమె ఒక్కతే. జేఆర్ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకుని 2023 మొదట్లో పీహెచ్‌డీలో చేరారు. 2009 డిసెంబర్ 9 రాత్రి తెలంగాణపై కేంద్రం చేసిన ప్రకటనను రెండు ప్రాంతాల్లో ఎవరెలా అర్థం చేసుకున్నారన్నది ఆమె టాపిక్. గైడ్ సీనియర్ ప్రొఫెసర్, వచ్చే జూన్‌లో రిటైరవుతారు.

ఫిబ్రవరిలో మూడో చాప్టర్, ఎక్కువగా పత్రికల మీద రాసింది, 80 పేజీలు, సార్‌కి పీడీఎఫ్‌గా మెయిల్ చేశారు. మార్చిలో ఆయనకు కంటి ఆపరేషన్ అయి సెలవు పెట్టారు. ఏప్రిల్‌లో డిపార్ట్‌మెంట్ వరండాలో ఎదురుపడితే, 'చూశానమ్మా. బానే ఉంది. ఆ పేపర్ల భాగం కొంచెం చూసుకో' అన్నారట. ఈమె 'అలాగే సార్' అన్నారు. రెండు టేబుళ్లు సరిచేసి, భాష దిద్ది, నాలుగో చాప్టర్‌లోకి వెళ్లిపోయారు. జులైలో అడ్వయిజరీ కమిటీ మీటింగ్ జరిగింది. కమిటీలో ఉన్న ఒక మేడమ్ 'అసెంబ్లీ రికార్డులు కూడా చూడాలి కదా' అంటే, సార్ అందరి ముందూ, 'ఆ చాప్టర్ మార్చమని అప్పుడే చెప్పాను, ఈమె వింటే కదా' అన్నారు. మీటింగ్ అయ్యాక ఈమె బాత్రూంలో కూర్చుని ఏడ్చారు. మర్నాడు క్యాంటీన్‌లో ఒక సీనియర్ స్కాలర్, 'సార్ నిన్ను వేరే గైడ్‌ని చూసుకోమంటున్నారు' అన్నాడు. ఆ రాత్రి పదకొండున్నరకు ఈమె సార్‌కి నలభై లైన్ల వాట్సాప్ మెసేజ్ పెట్టారు. బ్లూ టిక్ వచ్చింది గానీ జవాబు రాలేదు. అయిదు వారాలైంది. ఎదురుపడితే సార్ తల ఊపి వెళ్లిపోతున్నారు.

మధ్యలో ఎక్కడో ఒక చిన్న పేరా ఉంది. జనవరిలో సార్ 'ఢిల్లీలో సెమినార్ ఉంది, అప్లై చేస్తావా' అని అడిగారట. ఈమె 'అలాగే సార్' అన్నారు. పేపర్ సిద్ధంగా లేక అప్లై చేయలేదు. చేయలేదని ఆయనకు చెప్పనూ లేదు.

ఇక ప్రశ్నలు. సార్‌కి నేనంటే ఇష్టం లేదా? గైడ్‌ని మార్చుకోవాలా? హెచ్ఓడీకి కంప్లైంట్ ఇవ్వాలా? చేయని తప్పుకు సారీ చెప్పాలా? మా అన్నయ్య ఇవన్నీ మానేసి గ్రూప్స్‌కి చదువుకోమంటున్నాడు, ఏం చేయను?

సమాధానం:

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు మీ సార్ మీద నాకు కోపమొచ్చింది. నలుగురి ముందు అలా అనడం తప్పే. ఆయన తరఫున నేను వకాల్తా పుచ్చుకోను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, ఆయన మీతో నేరుగా అన్న మాటల కింద, మీరు ఆయనతో అన్న మాటల కింద గీతలు గీస్తూ చదివాను. ఆరు పేజీల్లో ఆయన మీతో నోటితో అన్నవి మూడు చిన్న వాక్యాలు, సెమినార్ గురించి అడిగింది ఒకటి. మీరు ఆయనతో నోటితో అన్నది రెండుసార్లూ ఒకే మాట, 'అలాగే సార్'. మిగతా ఆరు పేజీల కథంతా మీ మనసులో, ఆయన మనసులో, క్యాంటీన్‌లో జరిగింది.

ముందు ఆ 'బానే ఉంది' సంగతి చూద్దాం. తెలుగులో 'బాగుంది' వేరు, 'బానే ఉంది' వేరు. పెళ్లిచూపులకు వెళ్లొచ్చిన మేనత్తని 'అబ్బాయి ఎలా ఉన్నాడు' అని అడిగితే 'బాగున్నాడు' అంటే ఒక అర్థం, 'బానే ఉన్నాడు' అంటే ఇంకొక అర్థం. ఆ చిన్న ఏకారంలో సగం సంబంధాలు ఆగిపోతాయి. మీ సార్ 'బానే' అన్నారు. మీకు 'బాగుంది' అని వినపడింది. వారాల తరబడి ఎదురుచూసిన మనిషికి అలాగే వినపడుతుంది, అందులో మీ తప్పేం లేదు.

ఆ తర్వాత 'కొంచెం చూసుకో' అన్నారు. వంటింట్లో 'ఉప్పు కొంచెం చూసుకో' అని అమ్మ అందంటే ఒక్కోసారి చిటికెడు వేయమని, ఒక్కోసారి కూర మొత్తం పాడైందని. 'కొంచెం' అనేది మన దగ్గర కొలత కాదు, మర్యాద. ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా ఉండటానికి ముందు పెట్టే మెత్తటి మాట. మెత్తగా చెబుతూనే గట్టిగా చెప్పేశానని ఆయన అనుకున్నారు. మెత్తగా చెప్పారు కాబట్టి చిన్న పనే అని మీరనుకున్నారు. ఇద్దరూ నిజాయితీగానే అనుకున్నారని నా నమ్మకం.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. నేనూ కొన్నేళ్లు గైడ్‌గా ఉన్నదాన్నే. 80 పేజీల చాప్టర్‌లో 20 పేజీలు చదివి, వరండాలో స్కాలర్ ఎదురొస్తే 'చూశాను, బానే ఉంది' అన్న సందర్భాలు నా లెక్కలోనే రెండున్నాయి. మిగతాది ఆదివారం చదువుదామనుకున్నాను. చదవలేదు. తర్వాత కమిటీలో ఎవరో లోపం ఎత్తిచూపితే, చదవలేదని నలుగురిలో ఒప్పుకోలేక, 'నేనూ ఆ మాటే చెప్పాను' అనేశాను. ఆ అమ్మాయి ముఖం నాకింకా గుర్తుంది. మీ సార్ అలాగే చేశారని నేననను. జులై మీటింగ్‌లో అసెంబ్లీ రికార్డుల మాట మొదట ఎత్తింది మేడమ్, ఆ తర్వాతే సార్ 'అప్పుడే చెప్పాను' అన్నారు. ఈ వరస మీరు రాసిందే. అందులో ఏముందో మీరు ఆలోచించుకోండి, కానీ ఆయన ముందు మాత్రం ఎత్తకండి. దానివల్ల మీ చాప్టర్ ఒక్క పేజీ కూడా ముందుకు జరగదు.

ఇక నాకు నవ్వూ బాధా రెండూ వచ్చిన సంగతి మీ టాపిక్. ఈ గొడవ అంతా మీ థీసిస్‌లోనే ఉంది కదా! 2009 డిసెంబర్ 9 రాత్రి అప్పటి హోంమంత్రి చిదంబరం ఢిల్లీలో చదివింది చాలా చిన్న ప్రకటన. తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుంది, తగిన తీర్మానం శాసనసభలో ప్రవేశపెడతారు. అంతే కదా సారాంశం. కేసీఆర్ 11 రోజుల నిరాహార దీక్ష చూస్తూ కూర్చున్న తెలంగాణలో జనానికి 'రాష్ట్రం' అన్న మాట వినపడింది. టపాకాయలు కాల్చారు. కోస్తాలో, రాయలసీమలో 'మమ్మల్ని అడగకుండానే అయిపోయింది' అని వినపడింది. మర్నాటి నుంచి ఎమ్మెల్యేల రాజీనామాలు వెల్లువెత్తాయి. 'ప్రక్రియ', 'మొదలవుతుంది', 'తీర్మానం' అన్న మూడు మాటలు ఎవరికీ పట్టలేదు. డిసెంబర్ 23న అదే మంత్రి, పరిస్థితి మారింది, అన్ని పార్టీలతో విస్తృతంగా సంప్రదింపులు జరపాలి అని ఇంకో ప్రకటన చేశారు. ఇక్కడ 'మాట తప్పారు' అన్నారు, అక్కడ ఊపిరి పీల్చుకున్నారు. ఢిల్లీ వాళ్లనడిగితే రెండు ప్రకటనలకూ తేడా ఏం లేదు, ప్రక్రియ అన్నాం, సంప్రదింపులూ ప్రక్రియే అనేవాళ్లేమో. ఆ తర్వాత శ్రీకృష్ణ కమిటీ, అది 2010 డిసెంబర్ చివర్లో ఇచ్చిన ఆరు ప్రత్యామ్నాయాలు, చివరికి 2014 జూన్ 2. నాలుగున్నరేళ్లు.

ఎవరిది ఒప్పు అన్న చర్చలోకి నేను దిగడం లేదు, అది మీ థీసిస్ పని. నేను చూస్తున్నది ఒకటే. మాట చెప్పినవాళ్లకు ప్రక్రియ కనపడింది, విన్నవాళ్లకు ఫలితం కనపడింది. మీ సార్ 'చూసుకో' అని ఒక పని మొదలుపెట్టమన్నారు. మీకు పని అయిపోయినట్టు వినపడింది. జులైలో ఆయన చేసింది మీకు డిసెంబర్ 23 లాగే కనిపించింది.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి చెబుతాను. మీ 'అలాగే సార్' కూడా ఆయన 'బానే ఉంది' కంటే తక్కువేం తినలేదు. 'అలాగే సార్' అంటే విన్నాను అని. ఒప్పుకున్నాను అని. చేస్తాను అని. ఇక వెళ్తాను సార్, బస్సుకు టైమైంది అని కూడా. జనవరిలో ఢిల్లీ సెమినార్ దగ్గర మీరు 'విన్నాను' అన్న అర్థంలో అన్నారు. ఆయన 'చేస్తాను' అని తీసుకుని ఉండొచ్చు. బహుశా అక్కడెవరికైనా మా స్కాలర్ ఒకరు వస్తున్నారని చెప్పుకుని ఉంటారేమో కూడా. మీరు అప్లై చేయలేదు, చేయలేదని చెప్పలేదు. ఆ తర్వాత చాప్టర్ విషయంలోనూ 'అలాగే' అన్నారు, చాప్టర్ మారలేదు. ఆయన వైపు నుంచి చూస్తే ఆర్నెల్లలో రెండుసార్లు ఈ అమ్మాయి సరేనంది, రెండుసార్లూ చేయలేదు. 'ఈమె వింటే కదా' అన్న మాటకు వేరు అక్కడ ఉందని నా అనుమానం. మీరు ఆ సెమినార్ సంగతి నాలుగు లైన్లలో దాటేశారు. నాకు మీ ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన పేరా అదే.

అలాగని తప్పు సగం సగం అని పంచడం లేదు. పెద్ద కుర్చీలో ఉన్నవాళ్లు మాట స్పష్టంగా చెప్పాలి, అది వాళ్ల ఉద్యోగం. 'సార్, అంటే మొత్తం మార్చాలా?' అని ఎదురు అడగడం మొదటి తరం చదువుకున్న పిల్లకు ఎంత కష్టమో నాకు తెలుసు. మన ఇళ్లలో పెద్దవాళ్లను తిరిగి అడగడమంటే ఎదురు చెప్పడమే. కానీ రేపటి నుంచి మీ చేతిలో ఉన్నది మీ మాటే, ఆయన మాట కాదు. అందుకే అటు తిప్పుతున్నాను.

ఇక క్యాంటీన్ కబురు. ఆ సీనియర్ మంచివాడే అయి ఉండొచ్చు. కానీ సార్ ఆ మాట అన్నప్పుడు ముందూ వెనకా ఏం జరిగిందో అతనికి ఎంత తెలుసు? బెర్లిన్ గోడ గురించి మీరు ఎంఏలో చదివే ఉంటారు. 1989 నవంబర్ 9 సాయంత్రం తూర్పు జర్మనీ పార్టీ ప్రతినిధి షబోవ్‌స్కీ విలేకరుల ముందు ప్రయాణ నిబంధనల కాగితం ఒకటి చదివాడు. ఆ నిర్ణయం చర్చకు వచ్చినప్పుడు ఆయన ఆ గదిలో లేడు. కాగితం చివరి నిమిషంలో చేతికిచ్చారు. ఎప్పటి నుంచి అమలు అని ఒక విలేకరి అడిగితే, కాగితాలు తిరగేసి, నాకు తెలిసినంతవరకూ వెంటనే, అన్నాడు. అసలు అనుకున్నది మర్నాటి నుంచి, అదీ వీసాకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు. జనం ఆ రాత్రే గేట్ల దగ్గరికి పోయారు, ఆ రాత్రే గేట్లు తెరిచారు. అక్కడ పొరపాటు వల్ల మంచే జరిగింది. మీకు అంత అదృష్టం ఉంటుందని నమ్ముకోలేం.

'వేరే గైడ్‌ని చూసుకోమంటున్నారు' అన్న మాటకు ఇంకో అర్థం ఉండే వీలుంది. అది మీరు ఆలోచించినట్టు లేదు. సార్ వచ్చే జూన్‌లో రిటైరవుతున్నారని మీరే రాశారు. 2022 నవంబర్‌లో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం, రిటైరయ్యే వరకే ఆయన మీకు ప్రధాన గైడ్. ఆ తర్వాత 70 ఏళ్లు వచ్చేదాకా కో-సూపర్‌వైజర్‌గా ఉండొచ్చు, అంతే. అప్పటికి మీ థీసిస్ సబ్మిట్ కాకపోతే మీకు ఎలాగూ ఇంకొక గైడ్ కావాల్సిందే. సార్ ఆ లెక్కలో, 'జూన్ తర్వాత ఆ అమ్మాయికి ఎవరినైనా చూడాలి' అన్నారేమో. అది చేతులు మారి క్యాంటీన్‌కి వచ్చేసరికి 'నిన్ను వదిలించుకుంటున్నారు' అయిందేమో. నాకు తెలియదు, మీకూ తెలియదు. తెలిసింది ఒక్కరికే, ఆయన్ని ఎవరూ అడగలేదు.

రాత్రి పదకొండున్నర మెసేజ్ గురించి ఎక్కువ చెప్పను. పంపేశారు, అయిపోయింది. అందులో మీరు ఏం రాశారో నాకు చెప్పలేదు కాబట్టి కాస్త ఆవేశంగానే రాసి ఉంటారనుకుంటున్నాను. బ్లూ టిక్ అంటే తెరిచారని. చదివారని కాదు, ఒప్పుకున్నారని కాదు, కోపమొచ్చిందనీ కాదు. అయిదు వారాలుగా దాన్ని తిరగేసి తిరగేసి చదువుకుంటున్నానన్నారు. ఆ పని మాత్రం ఆపండి.

ఇప్పుడు మీ ముందున్న దార్లు.

ఒకటి, వెళ్లి కూర్చుని మాట్లాడటం. నేను మొదట మొగ్గేది దీనికే, కారణం సూటిగా చెబుతాను. మిగతా దారుల్లో ఏది ఎంచుకున్నా, 'మీరిద్దరూ మాట్లాడుకున్నారా' అనే ప్రశ్న మొదట వస్తుంది. వరండాలో కాదు, టైమ్ అడిగి, గదిలో. అప్పుడు ఇలా మొదలుపెట్టొచ్చు: 'సార్, ఏప్రిల్‌లో పేపర్ల భాగం చూసుకోమన్నారు. నేను చిన్న సవరణలనుకుని రెండు టేబుళ్లు మార్చాను. చాప్టర్ మార్చాలన్నది మీ ఉద్దేశమని జులైలోనే నాకర్థమైంది. ఎంతవరకు మార్చాలో మీ దగ్గర తెలుసుకుందామని వచ్చాను.' ఇందులో సారీ లేదు, నింద లేదు, జరిగింది జరిగినట్టు ఉంది. సెమినార్‌కి మాత్రం సారీ చెప్పండి. అది మీరు నిజంగా చెప్పాల్సిందే: 'అప్లై చేయలేకపోయాను సార్, ఆ సంగతి మీకు అప్పుడే చెప్పాల్సింది.' చేయని తప్పుకు సారీ చెప్పనవసరం లేదు. కానీ చేసినదానికి చెబితే, చేయనిదానికి ఎందుకు చెప్పలేదో ఆయనకే తెలుస్తుంది.

ఆ తర్వాత 'ఏం చేయమంటారు సార్' అని అడగకండి. దానికి మళ్లీ 'చూద్దాం' అనే వస్తుంది. 'చూద్దాం' అన్న మాట మన మంత్రుల నోట 'పరిశీలిస్తాం' లాంటిది, కాదనడానికి మొహమాటపడే మాట. ఎంచుకునేలా అడగండి. ఈ చాప్టర్ పత్రికల మీదే ఉంచి అసెంబ్లీ చర్చలు ఒక భాగంగా చేర్చాలా, లేక అసెంబ్లీ చర్చలు ముందు పెట్టి పత్రికలను సగానికి తగ్గించాలా, లేక ఇంటర్వ్యూలు కూడా కావాలా? మూడూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. వేలు పెట్టి చూపించడం పెద్దవాళ్లకు కూడా తేలిక. చివర్లో, లేవబోయే ముందు, రిటైర్మెంట్ తర్వాత గైడ్ విషయం ఎలా చేద్దామంటారు అని మామూలుగా అడగండి. క్యాంటీన్ ఊసు ఎత్తొద్దు, సీనియర్ పేరు అసలే వద్దు.

దీనిలో ప్రమాదం లేకపోలేదు. ఆయన ఇంకా కోపంగా ఉంటే అయిదు నిమిషాల్లో పంపించేయొచ్చు. అప్పుడు వాదించకండి. 'మళ్లీ ఎప్పుడు రమ్మంటారు సార్' అని తేదీ అడిగి వచ్చేయండి. అదీ సమాధానమే.

బయటికి వచ్చాక, అదే రోజు, ఒక చిన్న మెయిల్. 'ఈ రోజు మీరు చెప్పినవి నాకు ఇలా అర్థమయ్యాయి' అని అయిదారు లైన్లు. మీ టాపిక్ మనిషి కాబట్టి మీకు వివరించనక్కర్లేదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కి అయిదేళ్లు ప్రత్యేక హోదా అన్నారు. సభలో అన్నారు, విభజన చట్టంలో రాయలేదు. తర్వాత కారణాలు ఎన్ని చెప్పినా, 'సభలో అన్నారు కదా' అని ఒకరు, 'చట్టంలో లేదు కదా' అని ఒకరు అంటూ ఏళ్లు గడిచిపోయాయి. మీ ఏప్రిల్ వరండా మాట కూడా అలాంటిదే, ఎక్కడా రాసి లేదు. అయితే మెయిల్ విషయంలో ఒక జాగ్రత్త. ఇన్నాళ్లు నోటి మాటగా ఉండి హఠాత్తుగా మెయిళ్లు మొదలైతే, ఈ పిల్ల నా మీద సాక్ష్యాలు పోగేస్తోంది అనుకోవచ్చు. అందుకే గదిలోనే చెప్పి రండి: 'నేను సరిగా పట్టుకోలేకపోతున్నాను సార్, అర్థమైనది రాసి పంపుతాను, తప్పుంటే చెప్పండి.' జవాబు రాకపోయినా ఫర్వాలేదు. తప్పైతే చెప్పే అవకాశం ఆయనకిచ్చారు.

రాసినంత మాత్రాన అన్నీ జరగవు లెండి. అదే ఫిబ్రవరి 20న, 1956లో, ఆంధ్ర, తెలంగాణ నాయకులు పెద్దమనుషుల ఒప్పందం రాసుకుని సంతకాలు కూడా పెట్టారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారని అందులో ఉంది. నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ఉప ముఖ్యమంత్రే లేరు. కాగితాన్ని వెనకాల ఉండి నడిపించే మూడో మనిషి కావాలి. మీకు ఆ మూడో మనిషి ఉంది, అడ్వయిజరీ కమిటీ.

అదే మీ రెండో దారి. ప్రతి సెమిస్టర్‌లో మీరు ఆ కమిటీ ముందు ప్రోగ్రెస్ చూపించాలి, వాళ్లు చెప్పిన సిఫార్సుల కాపీ స్కాలర్‌కి ఇవ్వాలి అని అవే యూజీసీ నిబంధనల్లో ఉంది. జులై మీటింగ్ కాపీ మీ దగ్గరుందా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఆఫీసులో అడిగి తెచ్చుకోండి, అది మీ హక్కు, ఎవరూ ఏమీ అనుకోరు. నోటితో 'చాప్టర్ మార్చాలి' అన్నా, కాగితం మీద 'అసెంబ్లీ చర్చలు చేర్చాలి' అని మాత్రమే ఉంటే మీ పని సగానికి తగ్గిపోతుంది. ఒకవేళ మీ పని సంతృప్తికరంగా లేదని అందులో రాసి ఉంటే, దానికి కారణాలు, ఏం సరిచేయాలో కూడా రాసి ఉండాలి. ఆ కాగితం చూడకుండా సార్ దగ్గరికి వెళ్లొద్దు. కమిటీలో ఆ మేడమ్‌ని కలిసి అసెంబ్లీ రికార్డుల విషయంలో సలహా అడగడం కూడా మంచిదే. కానీ సలహా మాత్రమే అడగండి. సార్ మీద ఫిర్యాదు ఆమె చెవిన వేస్తే, సాయంత్రానికి అది ఇంకో రూపంలో ఆయన దగ్గరికి చేరుతుంది. కబురు ఎలా ప్రయాణిస్తుందో ఇప్పుడే చూశారు.

మూడోది గైడ్‌ని మార్చుకోవడం. తప్పేం కాదు, చాలామంది చేస్తారు. కానీ ఇప్పుడు కోపంలో మారడానికీ, జూన్‌లో రిటైర్మెంట్ కారణంగా మారడానికీ చాలా తేడా ఉంది. ఇప్పుడైతే సార్ సంతకం, డిపార్ట్‌మెంట్ ఒప్పుకోలు, మీ టాపిక్ తెలిసినవాళ్లు, వాళ్ల దగ్గర ఖాళీ, అన్నీ వెతుక్కోవాలి. ప్రొఫెసర్‌కి 8 మంది, అసోసియేట్‌కి 6, అసిస్టెంట్‌కి 4 కంటే ఎక్కువ స్కాలర్లు ఉండకూడదు కాబట్టి ఇష్టపడినా చోటు లేకపోవచ్చు. కొత్తవాళ్లు మీ చాప్టర్లు మొదటి నుంచి తిరగరాయమనొచ్చు. జూన్‌లో అయితే ఇదే మార్పు మామూలు ఫైలుగా కదులుతుంది, సార్ కో-సూపర్‌వైజర్‌గా పక్కన ఉంటారు, చెడ్డపేరు ఎవరికీ రాదు. ఆ కొత్త గైడ్ ఎవరైతే బాగుంటుందో మాత్రం ఇప్పటి నుంచే మనసులో పెట్టుకోండి. రెండు మూడుసార్లు మాట్లాడటానికి ప్రయత్నించినా ఆయన మీతో పని చేయనని తేల్చేస్తే, జూన్ దాకా ఆగక్కర్లేదు.

కంప్లైంట్ విషయం. ప్రతి యూనివర్సిటీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ, దానిపైన అప్పీళ్లు వినే అంబుడ్స్‌పర్సన్ ఉండాలని 2023లో నిబంధనలు వచ్చాయి. అవి ఉన్నది వాడుకోవడానికే. సార్ మిమ్మల్ని కులం పేరుతోనో, ఆడపిల్లవనో కించపరిచినా, సొంత పనులు చేయించుకున్నా, సంతకానికి బేరం పెట్టినా నేను ఈ ఉత్తరంలో ఒక్క లైనే రాసేదాన్ని, వెంటనే ఫిర్యాదు ఇవ్వమని. మీరు రాసినదాంట్లో అలాంటిది నాకు కనపడలేదు. రాయలేనిది ఏమైనా ఉంటే లెక్క మారుతుంది, అప్పుడు నేను పైన చెప్పినవేవీ పట్టించుకోకండి. ఇంతవరకే అయితే మాత్రం, 'బానే ఉంది' అన్నారన్న ఫిర్యాదుని ఏ కమిటీ తేల్చగలదు? తేల్చేలోపు మీ సమయం అయిపోతుంది.

అన్నయ్య గ్రూప్స్ సలహా గురించి. ఆయన మీ మేలు కోరే అంటున్నారు. చదవాలనిపిస్తే చదవండి. కానీ ఈ గొడవ వల్ల మానేయాల్సినంత టైమ్ లేమి మీకు లేదు. మీకు ఆరేళ్ల గడువు ఉంది, ఆ తర్వాత రీ-రిజిస్ట్రేషన్‌తో రెండేళ్లు, ఆడవాళ్లకు ఇంకో రెండేళ్ల వెసులుబాటు. గడువు కంటే ముందు వచ్చే గండం ఫెలోషిప్, అది మొత్తం అయిదేళ్లే. నెలకు 42,000 ఆగిపోయాక హైదరాబాద్‌లో గది అద్దె ఎలా కట్టాలన్నది అసలు లెక్క. మీ క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టాల్సిన తేదీలు అందుకే రెండే: వచ్చే జూన్, ఫెలోషిప్ ఆఖరు నెల. వాటికి ముందు మూడో చాప్టర్ తేలాలి.

సార్‌కి మీరంటే ఇష్టం లేదా అని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇష్టం లేని స్కాలర్‌ని ఢిల్లీ సెమినార్‌కి వెళ్తావా అని మాత్రం ఎవరూ అడగరు.

చివరగా చిన్న పని. మీరు 80 పేజీల పీడీఎఫ్ పంపిన నెల తర్వాత ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. అంతకుముందు కొన్ని నెలలుగా ఆయనకు స్క్రీన్ మీద అక్షరాలు ఎలా కనపడ్డాయో ఎవరికి తెలుసు? ఈసారి మెయిల్ చేసి ఊరుకోకండి. పత్రికల భాగం ఒక్కటే, పెద్ద అక్షరాల్లో, లైన్ల మధ్య జాగా వదిలి ప్రింట్ తీయించి, పక్కన మార్జిన్ ఎక్కువ పెట్టి, పెన్సిల్‌తో సహా ఆయన టేబుల్ మీద పెట్టి రండి.